ఎండాకాలం బడి

(సాయంత్రం అక్షరాస్యత కేంద్రంలో అక్కలకు చదివి వినిపించిన మాటలు)



ఈ పూట మాట పిల్లల వేసవి సెలవుల గురించి. సెలవుల గురించి మాట్లాడేదేముంది, ఆడుకుంటారు, మామిడికాయలు కోసుకు తింటారు, అమ్మమ్మ ఊరు వెళ్తారు అంటారేమో. నిజమే. పిల్లలు ఆడుకోవాలి. ఆ మాట ముందే ఒప్పుకుందాం. కాని ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదివే పిల్లల సంగతి కొంచెం వేరు. అందులోనూ ఆడపిల్లల సంగతి మరీ వేరు.

ఏప్రిల్ ఆఖరి వారంలో బడి మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ 12న. మధ్యలో ఇంచుమించు ఏడు వారాలు. ఈ ఏడు వారాల్లో ఒక పిల్ల బడికి దూరం ఎలా అవుతుందో చూద్దాం.

ఒక పిల్ల ఉందనుకోండి. ఏడో తరగతి పరీక్ష రాసింది. బాగానే రాసింది. ఇంటికొచ్చి పుస్తకాల సంచి కొక్కేనికి తగిలించింది. తెల్లారి తల్లి పనికి వెళ్తూ అంది.

"తమ్ముణ్ణి చూసుకోవే. మధ్యాహ్నం అన్నం పెట్టు. సాయంత్రానికి రెండు బిందెలు నీళ్ళు పట్టు."

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. తల్లి పనికి వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. పిల్ల ఇంట్లో సాయం చేయాల్సిందే.

రెండో వారం వచ్చింది. మిరప కల్లాల్లో తొడిమలు తీసే పని ఉంది. కిలోకి ఇంత అని ఇస్తారు. పొరుగింటామె అడిగింది.

"ఏం వదినా, పిల్ల ఖాళీగానే ఉందిగా. నాతో పంపించరాదూ? నాలుగు డబ్బులొస్తాయి."

పిల్ల వెళ్ళింది. సాయంత్రం చేతులు మంటలు మంటలు. కొబ్బరి నూనె రాసుకుంది. అయినా చేతిలో డబ్బు పడింది. తండ్రి మెచ్చుకున్నాడు. పిల్లకీ సంతోషంగానే ఉంది.

నాలుగో వారానికి ఇల్లంతా ఆ పిల్ల చేతి మీదే నడుస్తోంది. ఆరో వారంలో మేనత్త వచ్చింది. "పిల్ల ఎదిగిందే" అంది. వైశాఖం, జ్యేష్ఠం పెళ్ళిళ్ళ రోజులు కదా. మాట అక్కడితో ఆగలేదు.

జూన్ 12 వచ్చింది. ఊళ్ళో బడి ఏడో తరగతి దాకానే. ఎనిమిదో తరగతికి నాలుగు కిలోమీటర్లు నడవాలి. "ఈ ఏటికి ఆగు, చూద్దాం" అన్నాడు తండ్రి. తల్లి ఏమీ అనలేదు. సంచి కొక్కేనికే ఉండిపోయింది.

ఎవరూ ఆ పిల్లను బడి మానమనలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఏడు వారాలు గడిచాయి, అంతే. ఇలాంటి పిల్ల మీ వీధిలో ఉందో లేదో మీకే తెలుసు.

ఇంకో సంగతి ఉంది. ఇది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చదివింది మర్చిపోవడం.

మీరు వాచకం పూర్తిచేశారు. సంతకం పెట్టడం నేర్చుకున్నారు. ఆ తర్వాత కోతలు వచ్చాయి. రెండు నెలలు పలక ముట్టలేదు. మళ్ళీ పుస్తకం తీస్తే ఏమైంది? 'భ'కీ 'బ'కీ తేడా తెలియలేదు. ఒత్తులు కళ్ళ ముందు కలిసిపోయాయి. అందుకే కదా ఈ పుస్తకం మీ చేతికొచ్చింది. మొదటి వాచకం అయిపోగానే వదిలేస్తే, నేర్చింది నీళ్ళలో రాసినట్టే అవుతుంది.

పిల్లలకూ అంతే. చదవడం కంటే లెక్కలు ముందు పోతాయి. భాగారం, భిన్నాలు మరీ త్వరగా పోతాయి. ఎందుకంటే ఇంట్లో మాటలు వినిపిస్తాయి, గోడ మీద అక్షరాలు కనిపిస్తాయి. భాగారం ఎక్కడా కనిపించదు. కూర్చుని చేస్తేనే వస్తుంది.

ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి దేశంలో పల్లెటూళ్ళకు వెళ్ళి పిల్లల చదువు చూస్తోంది. పిల్లల్ని ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చదివిస్తారు. చిన్న లెక్క ఇస్తారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటారు. 736ని 4తో భాగించడం లాంటిది. 2018లో ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా ఆ లెక్క చేయలేకపోయారు. పిల్లలు మొద్దులని కాదు. మూడో తరగతిలో జారిన లెక్కను ఎవరూ వెనక్కి వెళ్ళి ఎత్తుకోలేదు. పై తరగతి పాఠం దాని మీదే పడింది. ఏడాది పొడవునా బడిలో సిలబస్ తరుముతూనే ఉంటుంది. ఆగి వెనక్కి చూసే తీరిక వేసవిలోనే దొరుకుతుంది.

వేసవిలో చదువు చెప్పడం మన వైపు కొత్తేమీ కాదు. రంగారెడ్డి జిల్లాలో ఒక పని జరిగింది. ఆ పని గురించి మీరు వినాలి.

ఎం.వి. ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది. 1981లో పుట్టింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శాంతా సిన్హా గారు దాన్ని నడిపారు. 1991 నుంచి ఆ సంస్థ పిల్లల పని మీద దృష్టి పెట్టింది. అక్కడి పల్లెల్లో పిల్లలు జీతాలకు ఉండేవాళ్ళు. గొడ్లు కాసేవాళ్ళు. అప్పు కింద ఆసామి దగ్గర వెట్టి చేసేవాళ్ళు. పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చినా అక్షరం ముక్క రాదు. అంత పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే కూర్చుంటాడా? సిగ్గుపడి పారిపోతాడు. అందుకని వాళ్ళకు విడిగా శిబిరాలు పెట్టారు. అక్కడే తిండి, అక్కడే పడక, అక్కడే చదువు. కొన్ని నెలలు గట్టిగా చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. వాగు మీద వంతెన వేసినట్టు. అందుకే ఆ చదువుకు బ్రిడ్జి కోర్సు అని పేరు వచ్చింది.

1990ల చివర్లో ప్రభుత్వం కూడా ఇలాంటి పని చేసింది. వేసవిలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతారు. గదులున్నాయి, వంటపాత్రలున్నాయి. వాటిలోనే బడి మానేసిన పిల్లలకు శిబిరాలు నడిపింది. బ్యాక్ టు స్కూల్ అని ఆ పనికి పేరు పెట్టారు.

రంగారెడ్డి జిల్లాలో తేలిన సంగతి ఒకటుంది. పేదవాళ్ళు పిల్లల్ని పనికే పంపుతారు, చదువు వాళ్ళకు అక్కర్లేదు అని పెద్దలు చాలామంది అనేవాళ్ళు. అది నిజం కాదని తేలింది. అడిగేవాళ్ళు వచ్చి అడిగితే, బడి తలుపు తెరిచి ఉంటే, కూలికి పోయే తల్లే ఆ కూలి డబ్బు వదులుకుని బిడ్డను పంపింది. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు ఆమెకు వచ్చింది కాని, డబ్బు వదులుకున్నది మాత్రం ఆ తల్లులు. ఈ మాట ఎక్కడా పెద్దగా రాయలేదు.

ఇప్పుడు మీ ఊరి సంగతికి వద్దాం. హాస్టలు అక్కర్లేదు. పెద్ద డబ్బు అక్కర్లేదు. పొద్దున 7 గంటల నుంచి 9.30 దాకా బడి నడిస్తే చాలు. ఎండ ముదరక ముందే పిల్లలు ఇళ్ళకు చేరాలి. బడి వరండా ఉంది. హెడ్మాస్టరు గారిని ముందే అడిగితే తాళం ఇస్తారు. లేకపోతే రామాలయం అరుగు, పంచాయతీ ఆఫీసు, వేపచెట్టు నీడ. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. అన్ని వీధుల పిల్లలూ జంకు లేకుండా వచ్చే చోటు కావాలి. గుడి అరుగు మీదికి ఎస్సీ కాలనీ పిల్ల రావడానికి వెనకాడే ఊరైతే, ఆ అరుగు వద్దు. బడి వరండాయే మేలు. అది అందరిదీ.

చెప్పేవాళ్ళు ఎవరు? ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయి సెలవులకు వచ్చి ఉంటుంది. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న అబ్బాయి ఉంటాడు. రిటైరైన మాస్టారు ఉంటారు. ముగ్గురు దొరికితే ఏడు వారాలు గడుస్తాయి. ఒకరి మీదే భారం వేస్తే మూడో వారానికి బడి మూతపడుతుంది. చాలా ఊళ్ళలో అదే జరిగింది.

మొదటి రోజే ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి ఒక పేరా చదివించాలి. ఒక భాగారం చేయించాలి. ఎవరికి ఏది రాదో రాసుకోవాలి. తరగతిని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి అయిదుగురేసి గుంపులు కట్టాలి. ఎనిమిదో తరగతికి వెళ్ళే పిల్ల మూడో తరగతి పుస్తకం చదవాల్సి రావచ్చు. అప్పుడు ఎవరూ నవ్వకూడదు. నవ్వితే ఆ పిల్ల రెండో రోజు రాదు.

ఇక ఏం చెప్పాలి? బడిలో చెప్పిన పాఠమే మళ్ళీ వల్లె వేయిస్తే పిల్లలు పారిపోతారు. వేసవి బడి రుచి వేరుగా ఉండాలి.

భిన్నాలే తీసుకోండి. పిల్లలకు పాము కంటే భిన్నాలంటే భయం. కాని మీ వంటింట్లో భిన్నాలున్నాయి. గిద్దె, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. పాత కొలపాత్రలు ఇంట్లో ఉంటే పిల్లకు ఇచ్చి పంపండి. ఇసకతో కొలిపించాలి. గిద్దె అంటే సోలలో నాలుగో వంతు. అర సోలకు ఒక గిద్దె కలిపితే మూడు గిద్దెలు, అంటే ముప్పావు సోల. అర, పావు కలిపితే ముప్పావు అని చేత్తో చూసిన పిల్ల ఇక మర్చిపోదు. మానికలో గిద్దెలెన్ని అని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి పదహారు అంటుంది. ఆ లెక్క అమ్మమ్మకు నోటికి వచ్చు. అమ్మమ్మను పిలిచి చెప్పించండి. చదువు రాని అమ్మమ్మ ఆ రోజుకు లెక్కల టీచరు.

భూమి కొలతలూ అంతే. ఎకరానికి 100 సెంట్లు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు అంటారు. మరి గుంటకు సెంట్లెన్ని? రెండున్నర. ఇది పిల్లలతో చేయించండి. సెంటు అంటే ఎంతో మాట కాదు, కాళ్ళతో నడిపించి చూపించాలి. సెంటుకు 48 చదరపు గజాల పైచిలుకు.

వడ్డీ లెక్క మరీ ముఖ్యం. నూటికి రెండు రూపాయల వడ్డీ అని అప్పు తెస్తాం. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి నూటికి 24 రూపాయలు. 5,000 రూపాయలు తెస్తే నెలకు 100, ఏడాదికి 1,200 వడ్డీకే పోతుంది. అసలు అసలుగానే ఉంటుంది. అదే నూటికి రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 600. మిగిలిన 600 ఇంట్లో ఉంటుంది. ఏడో తరగతి పుస్తకంలో వడ్డీ లెక్కలుంటాయి. మీ సంఘం పుస్తకం ముందు పెట్టి ఆ లెక్క చేయించండి. పిల్లకు లెక్క వస్తుంది. సంఘం పుస్తకంలో తప్పుంటే అదీ బయటపడుతుంది. అది కొందరికి నచ్చకపోవచ్చు. పర్వాలేదు.

చదవడానికి వేరే ఏర్పాటు కావాలి. సాయంత్రం పిల్ల తల్లికి దినపత్రికలో ఒక వార్త చదివి వినిపించాలి. తల్లి ఈ పుస్తకంలో ఒక పేజీ పిల్లకు చదివి వినిపించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల్లి కూడబలుక్కుని చదువుతుంది. పిల్ల కిసుక్కున నవ్వుతుంది. తల్లికి సిగ్గేసి పుస్తకం మూసేస్తుంది. అక్కలారా, మూయకండి. "నువ్వు అక్షరాలు నేర్చుకునేటప్పుడు ఇలాగే చదివావే" అనండి. అవసరమైతే వేలు పెట్టి చూపించమని పిల్లనే అడగండి. తల్లికి అక్షరం దిద్దించిన పిల్ల, చదువు చిన్నదని ఎప్పుడూ అనుకోదు.

గ్రంథాలయం మర్చిపోకూడదు. మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటుంది. వేసవిలో చాలా గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు పెడతారు. కథలు చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు. అది ఉచితం అనుకుంటాం. కాదు. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం కోసమే వసూలు చేస్తారు. మీరు డబ్బు కట్టారు. పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. సైన్సు సంగతులు చదవాలంటే జన విజ్ఞాన వేదిక వాళ్ళ 'చెకుముకి' పత్రిక ఉంది. 1988లో పుట్టిన ఆ సంస్థ వాళ్ళు అక్షరాస్యత ఉద్యమంలోనూ ఊరూరా తిరిగారు.

ఇప్పుడొక తమాషా. ఇది వేసవి బడిలోనే చేయగలిగిన పాఠం. బడి ఉన్న రోజుల్లో కుదరదు.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడంటాం. రోజూ ఉంటాడా? ఉండడు. మన ప్రాంతంలో ఏడాదికి రెండే రెండు రోజులు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. ఆ రోజు నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. నీడ కర్ర మొదట్లోనే దాక్కుంటుంది. బిందె నేల మీద పెడితే నీడ బిందె కిందే ఉంటుంది, పక్కకు రాదు. దీన్ని నీడ లేని రోజు అంటారు.

ఆ రోజు అన్ని ఊళ్ళకూ ఒకటి కాదు. సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ వస్తాడు. ఉత్తరాయణం అంటాం కదా, అదే. అందుకని ముందు తిరుపతి వైపు వస్తుంది, ఏప్రిల్ ఆఖరి వారంలో. విజయవాడ దగ్గర మే మొదటి వారంలో. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో. శ్రీకాకుళంలో మే 13 ప్రాంతంలో. ఆదిలాబాదుకు చేరేసరికి మే మూడో వారం. తర్వాత సూర్యుడు ఉత్తరానికి దాటిపోతాడు. తిరిగొచ్చేటప్పుడు జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో రెండోసారి వస్తుంది. అప్పుడు మబ్బులుంటాయి, కనపడదు. అందుకే మే నెలలోనే చూడాలి.

గడియారంలో సరిగ్గా పన్నెండు కొట్టినప్పుడు కూడా కాదు. హైదరాబాదులో పన్నెండు దాటి పన్నెండు నిమిషాలకు. మన దేశమంతా ఒకే గడియారం పెట్టుకున్నాం. సూర్యుడికి ఆ గడియారంతో పని లేదు. తూర్పున ఉన్న ఊరికి ముందు వస్తాడు, పడమట ఉన్న ఊరికి తర్వాత వస్తాడు.

పిల్లలు వారం ముందు నుంచీ రోజూ ఆ వేళకు కర్ర నీడ కొలిచి రాసుకోవాలి. జానెడు లేదు, బెత్తెడు, రెండు వేళ్ళు, ఒక వేలు... అలా తగ్గుతూ వస్తుంది. ఒక రోజు మాయమవుతుంది. మర్నాడో ఆ మర్నాడో నీడ మళ్ళీ వస్తుంది. ఈసారి దక్షిణం వైపు పడుతుంది. అప్పటి దాకా మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడేది కదా. ఆ తేడా చూసి పిల్లలు అరుస్తారు, చప్పట్లు కొడతారు. భూమి ఒరిగి తిరుగుతోందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ సంతోషం రాదు. ఎండలో నిలబడేది మాత్రం రెండు నిమిషాలే. కొలిచి చెట్టు కిందకి వచ్చేయాలి. తలకు గుడ్డ ఉండాలి.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. బడి దగ్గర కుండలో నీళ్ళుండాలి. పొద్దున పిల్లలు ఏమీ తినకుండా వస్తారు. సంఘం తరఫున రాగి అంబలి కాచి గ్లాసెడు పోస్తే రెండు గంటలు కూర్చుంటారు. ఎవరికైనా వాంతులు, విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సెలవుల్లో తిండి గురించి ఇంకో మాట. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం ఉంటుంది. సెలవుల్లో ఆ ఒక్క పూట తిండి పోతుంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన ఏడు ఈ మాట ఎమ్మార్వో ఆఫీసులో అడగడానికి పనికొస్తుంది.

చదువుకుంటే డబ్బొస్తుందా అని తండ్రులు అడుగుతారు. ఎనిమిదో తరగతిలో ఒక పరీక్ష ఉంది. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. 2008లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉపకార వేతనం అది. సర్కారు బడిలో, ఎయిడెడ్ బడిలో చదివే పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 లోపు ఉండాలి. పరీక్షలో గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్ళకు 48,000. ఏటా పాసవుతూ ఉండాలి. పరీక్షలో రెండు భాగాలు. ఒకటి పాఠాల మీద, ఒకటి బుర్రకు పదును పెట్టే ప్రశ్నలు. ఒక్కో దానిలో 90 ప్రశ్నలు. ఆ రెండో భాగం బడిలో ఎవరూ చెప్పరు. వేసవి బడిలో వారానికి రెండు రోజులు ఆ ప్రశ్నలు ఆటలా చేయించవచ్చు. ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, బ్యాంకు ఖాతా సెలవుల్లోనే సిద్ధం చేసుకోండి. ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. చూడడం ఇప్పుడు మీకు వచ్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోతుంది.

ఒక జాగ్రత్త. పట్నాల్లో ఆరో తరగతి పిల్లలకే ఐఐటీ ఫౌండేషన్ అని వేసవి తరగతులు పెడతారు. వేలకు వేలు కట్టించుకుంటారు. అప్పుచేసి పిల్లను అక్కడ చేర్చిన తల్లులున్నారు. భాగారం రాని పిల్లకు ఆ తరగతిలో ఏం అర్థమవుతుంది? ముందు భాగారం రావాలి. అది ఊళ్ళో, వరండాలో, ఉచితంగా వస్తుంది.

అన్నిటికంటే కష్టమైన మాట ఆఖరికి మిగిలింది. వేసవి బడి పెడితే మగపిల్లలు వస్తారు. ఆడపిల్లలు రారు. రానివ్వరు. తమ్ముణ్ణి ఎవరు చూస్తారు, నీళ్ళు ఎవరు పడతారు?

తమ్ముణ్ణి తీసుకునే రానివ్వండి. పక్కన పలకతో కూర్చుంటాడు. ఇద్దరు ముసలమ్మలు కూర్చుని చిన్నపిల్లల్ని చూస్తే అక్కలు చదువుకుంటారు. నీళ్ళ మాటకు ఇంకో దారి ఉంది. ఇంట్లో మగపిల్లవాడు ఉంటాడు కదా. అతనికీ రెండు చేతులున్నాయి.

తొడిమల పని, బట్టీ పని గురించి చట్టం ఏమంటోందో తెలుసుకోండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎవరూ పనిలో పెట్టుకోకూడదు. 2016లో చట్టం మార్చినప్పుడు ఒక మినహాయింపు పెట్టారు. సెలవుల్లో, బడి అయ్యాక సొంత ఇంటి పనిలో, సొంత పొలంలో సాయం చేయవచ్చు. ప్రమాదం లేని పనైతేనే. ఆసామి కల్లం సొంత పొలం కాదు.

పెళ్ళి మాట వస్తే పద్దెనిమిదేళ్ళు గుర్తు పెట్టుకోండి. 2006 చట్టం ప్రకారం అంతకు ముందు చేస్తే నేరం. ముహూర్తం పెట్టిన పెద్దలకూ, చేయించిన పంతులు గారికీ శిక్ష ఉంది. 1098కి ఫోన్ చేయవచ్చు. డబ్బు పడదు. చేసిన వాళ్ళ పేరు చెప్పక్కర్లేదు.

హైస్కూలు దూరం అంటారు. అది నిజమైన కష్టం. నలుగురు ఆడపిల్లలు కలిసి నడిస్తే దారి మారుతుంది. వేసవి బడిలో ఆ నలుగురూ ముందే స్నేహం కడతారు. అది కూడా ఆ బడి వల్ల లాభమే. అసలు వెళ్ళే దారే లేకపోతే కస్తూర్బా విద్యాలయాలున్నాయి. 2004లో మొదలయ్యాయి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి, పుస్తకాలు ఉచితం. ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడిలో ఫీజు లేదు. టి.సి. రాలేదని, ఆలస్యమైందని ఏ బడీ చేర్చుకోననకూడదు. విద్యాహక్కు చట్టంలో ఉంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం అది.

బడిలో సరిగా చెప్తే వేసవి బడి ఎందుకు అని ఒక అక్క అడుగుతుంది. మంచి ప్రశ్న. ఏడు వారాల బడి పది నెలల బడికి బదులు కాదు. టీచరు లేకపోతే టీచరును అడగాల్సిందే. ఆ చట్టం ప్రకారమే బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మొత్తంలో సగం ఆడవాళ్ళు. మీ బడి కమిటీలో ఆడవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. వాళ్ళు ఎప్పుడైనా సమావేశానికి వెళ్ళారా, భర్తలు వెళ్ళి సంతకం పెట్టారా? అడగండి.

ఆడవాళ్ళు అడిగితే ఏమవుతుంది అంటారా? నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అంత పెద్ద పనితో పోలిస్తే బడి వరండా తాళం అడగడం ఎంత?

రేపు చేయాల్సిన పని చిన్నది. ఒక నోటు పుస్తకం కొనండి. పది రూపాయల పుస్తకం చాలు. ఇద్దరు అక్కలు వీధికొకరుగా తిరగండి. ఆరు, ఏడు, ఎనిమిది చదివే పిల్లలందరి పేర్లు రాయండి. పిల్ల పేరు, తల్లి పేరు, తరగతి. ముందు తల్లి పేరే రాయండి. తప్పులు పోతే పోనీ, మీరే రాయండి. అదే వేసవి బడి హాజరు పట్టీ.

జూన్ 12 పొద్దున ఆ పుస్తకం పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడండి. ఏడో తరగతి అయిపోయిన పిల్లల కోసం ఒకరు హైస్కూలు దాకా వెళ్ళాలి. వచ్చిన పిల్ల పేరు ముందు టిక్కు పెట్టండి. సాయంత్రానికి టిక్కు పడని పేర్లు కొన్ని మిగులుతాయి. ఆ ఇళ్ళకు దీపాలు పెట్టే వేళకు వెళ్ళండి, అప్పుడు తండ్రి కూడా ఇంట్లో ఉంటాడు. ఒక్కరే వెళ్ళకండి, ముగ్గురు వెళ్ళండి. ముందు తల్లితో మాట్లాడండి. కొక్కేనికి సంచి ఉందేమో చూడండి.